బుల్లితెర పోలీసు – ‘సి.ఐ.డి.’ సీరియల్ నడిచిన దారి

చరిత్ర వ్యాసం అనగానే గోల్కొండ కోటో, నిజాం నవాబులో గుర్తుకు రావటం సహజం. సోమాజిగూడలో ఉండే నావంటి వానికి మరీ సహజం. సోనాజీ అనే రెవెన్యూ ఉద్యోగి వలన ఈ పేటకు ఆ పేరు వచ్చిందనీ, సోనాజీయే వాడుకలో సోమాజీ అయినాడనీ పెద్దలు చెబుతారు. రాజభవన్ ఉన్న పేటకు ఒక రెవెన్యూ ఉద్యోగి పేరు నిలిచిందంటే మన గుమాస్తా జాతికి అంతకన్న గౌరవం ఏముంటుంది? అయితే ఈ ప్రత్యేక సంచికకు నేను ఎంచుకున్న చరిత్ర అంత పాతది కాదు. మనలో చాలామంది రాత్రి భోజనాలు ముగించి, మందులు వేసుకుని, మనవల ప్రక్కన కూర్చుని చూచిన ‘సి.ఐ.డి.’ అనే హిందీ పోలీసు సీరియల్ చరిత్ర ఇది.

సీరియల్ మీద చరిత్ర వ్యాసమా అని మిత్రులు నవ్వవచ్చు. 1998 జనవరి 21న సోనీ ఛానెల్‌లో మొదలయిన ఈ సీరియల్ 2018 అక్టోబరు 27 వరకు, అంటే ఇరవై ఏళ్ళ పైచిలుకు, 1,547 భాగాలు నడిచింది. ఒక్క సీటులో ఇరవై ఏళ్ళు పనిచేసిన ఉద్యోగిని మన సర్వీసులో నేను చూడలేదు. అంతకాలం ఇంటింటా నడిచిన కథ మన ఆలోచన మీద ఏదో ఒక ముద్ర వేయకుండా ఉండదు. ఆ ముద్ర ఎటువంటిదన్నదే నా ప్రశ్న.

దూరదర్శన్ కాలం

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పటికి మనకు అపరాధ పరిశోధన అంటే పుస్తకాలే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు తెలియని గుమాస్తా ఆ రోజుల్లో లేడు. లంచి విరామంలో అద్దె పుస్తకం చేతులు మారుతూ ఉండేది.

బుల్లితెర మీద 1985లో ‘కరంచంద్’ వచ్చింది. పంకజ్ కపూర్ క్యారెట్టు నములుతూ హంతకులను పట్టేవాడు. 1993లో బాసు ఛటర్జీ దర్శకత్వంలో, శరదిందు బందోపాధ్యాయ కథల ఆధారంగా ‘వ్యోమకేశ్ బక్షీ’ వచ్చింది. ఈ రెండూ మంచివే కాని వీటిలో నాయకుడు పోలీసు కాడు, ప్రయివేటు డిటెక్టివు. తెలివి అంతా ఒక్కడిదే. పోలీసులు చివరకు వచ్చి బేడీలు వేసేవారు. పోలీసు ఉద్యోగాన్ని ఉద్యోగంగా చూపిన వాటిలో 1989లో మొదలయిన ‘ఉడాన్’ను చెప్పుకోవాలి. కవితా చౌదరి తన అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితం స్ఫూర్తిగా దానిని వ్రాసి, దర్శకత్వం వహించి, తానే నటించారు. ఆ అక్కగారే 2004లో ఉత్తరాఖండ్‌కు డి.జి.పి. అయ్యారు. దేశంలో ఆ పదవి పొందిన మొదటి మహిళ ఆమె.

మొదటి ఏళ్ళు

‘సి.ఐ.డి.’ నిర్మాత బి.పి.సింగ్ మొదట బొంబాయి దూరదర్శన్‌లో న్యూస్ కెమెరామన్. ఈ సీరియల్‌కు ముందే మరాఠీలో ‘ఏక్ శూన్య శూన్య’ అనే పోలీసు సీరియల్ తీశారు. పోలీసు కంట్రోల్ రూముకు చేసే 100 నంబరే దాని పేరు. అందులో నటించిన శివాజీ సాటం గారే ‘సి.ఐ.డి.’లో ఏ.సి.పి. ప్రద్యుమన్. ఆయన సెంట్రల్ బ్యాంకులో ఉద్యోగం చేసినవారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. సంతకం సరిపోయిందా లేదా అని లెడ్జరు మీదికి వంగి చూచే అలవాటు ఆ కళ్ళలో కనబడేదని మా ఇంట్లో అనేవాడిని.

మొదటి ఏళ్ళలో ఒక్కొక్క కథ రెండు మూడు వారాలు సాగేది. శవం దొరికినది మొదలు ఇరుగుపొరుగును అడగటం, చనిపోయినవాని జేబులోని చీటీ పట్టుకుని తిరగటం, ఒక సాక్షి చెప్పినదానిని మరొక సాక్షితో సరిచూడటం – ఇవే కథ. అనుమానించిన వాడు నిర్దోషి అని తేలితే వెనక్కి వచ్చి మళ్ళీ మొదటినుంచి వెతికేవారు. వారం రోజులు ఆగవలసి వచ్చేది కనుక ఆఫీసులో టీ దగ్గర ‘హంతకుడు ఎవరు’ అని పందాలు నడిచేవి. చూచేవాడు కూడా దర్యాప్తులో భాగస్వామి అయ్యేవాడు. శ్రీధర్ రాఘవన్ వంటి రచయితలు ఆ రోజుల్లో కథలు వ్రాశారు. తర్వాత ‘లగాన్’ తీసిన ఆశుతోష్ గోవారికర్ కూడా తొలి నాళ్ళలో ఇన్‌స్పెక్టరుగా నటించారు.

ఇన్‌స్పెక్టర్ అభిజీత్‌గా ప్రసిద్ధులైన ఆదిత్య శ్రీవాస్తవ 1998లో ఇదే సీరియల్‌లో నేరస్తుని వేషం వేశారు. నటన నచ్చి మరుసటి ఏడాది పోలీసు వేషానికి తీసుకున్నారు. మంచి మనిషి దొరికితే పోస్టు మార్చి అయినా ఉంచుకోవాలన్న తెలివి ఆనాటి నిర్మాణంలో ఉండేది.

మధ్య ఏళ్ళు

2004 సంవత్సరాన్ని ఈ సీరియల్‌కు మిట్టమధ్యాహ్నం అనవచ్చు. ఆ నవంబరు 7న ‘ది ఇన్హెరిటెన్స్’ అనే భాగం ప్రసారమయింది. 111 నిమిషాల కథను ఎక్కడా కెమెరా ఆపకుండా ఒకే షాటులో తీశారు. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఒకరు మాట తప్పినా మొదటికి రావలసిన పని అది. పదిమంది ఒక్కటిగా పనిచేస్తే ఏమి సాధించగలరో దానిలో చూపించారు.

దయగా దయానంద్ శెట్టి, ఫ్రెడరిక్స్‌గా దినేష్ ఫడ్నీస్, ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంకేగా నరేంద్ర గుప్తా – వీరందరూ మన ఇంటి మనుషులైపోయారు. ఏ.సి.పి.కి, డాక్టరుకు మధ్య కీచులాటలు చూస్తే ఒకే ర్యాంకులో ఉన్న ఇద్దరు సూపరింటెండెంట్లు గుర్తుకు వచ్చేవారు. పిల్లలతో, కోడళ్ళతో కలిసి కూర్చుని చూడటానికి ఇబ్బంది లేని కార్యక్రమం అది. అంతకాలం నిలవటానికి అదీ ఒక కారణమే. 2023 డిసెంబరులో ఫడ్నీస్ కన్నుమూశారన్న వార్త చదివి మా ఇంటివారు, “మన ఫ్రెడ్డీ పోయాడండీ” అన్నారు. పరాయివాడు పోయినట్లు అనలేదు.

ఎక్కడ పలుచబడింది?

తర్వాతి ఏళ్ళలో కథ ఒక్క భాగంలోనే ముగిసిపోవటం రివాజయింది. ప్రసారం వారానికి రెండు రోజులయింది, ఒక దశలో మూడు రోజులు కూడా నడిచింది. దీని ఫలితం ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. అదే సెక్షనులో అదే గుమాస్తాలు ఉండగా తపాలు రెండింతలైతే ఏమవుతుంది? నోటు ఫైలు పొట్టిదవుతుంది. వెనుకటి కాగితం తిరగేసే తీరిక ఉండదు. ‘పూర్వ పద్ధతి ప్రకారం’ అని ఒక్క వాక్యం వ్రాసి పైకి పంపుతాం. సీరియల్‌కూ సరిగా అదే జరిగింది.

పూర్వ పద్ధతి అంటే మూడు ముద్రలు. ఒకటి – దయ తలుపు విరగగొట్టటం. తాళం వేయని తలుపు కూడా విరిగేది. రెండు – డాక్టర్ సాలుంకే గాజు గొట్టంలో రంగు నీళ్ళు కలిపి, కళ్ళు మూసి తెరిచేలోగా హంతకుని పట్టించటం. మూడు – దయ చెంపదెబ్బ, వెంటనే హంతకుడు కథ అంతా ఒప్పుకోవటం, ఏ.సి.పి. ‘ఇక నీకు ఉరే’ అనటం. జనం వీటికి నవ్వారు, చప్పట్లు కొట్టారు. 2014లో ‘సింగం రిటర్న్స్’ సినిమాలో అదే నటుని చేత తలుపు పగులగొట్టించి హాలులో ఈలలు వేయించారు. మొదట్లో ముద్ర కథ కోసం వచ్చేది, చివరికి ముద్ర కోసం కథ వ్రాయవలసి వచ్చింది. దయ్యాలు, మంత్రగాళ్ళు, విచిత్ర వేషాల హంతకులు వరుసకట్టారు.

నటులు మారకపోయినా పని మారిపోయిందన్నది గమనించదగిన విషయం. మొదట్లో సాక్షి మాట వినే ఏ.సి.పి. తర్వాత గాలిలో వేళ్ళు తిప్పుతూ ‘ఏదో తేడాగా ఉంది’ అని ఊరుకున్నాడు. అనుమానానికి ఆధారం ఏమిటో చెప్పటం తగ్గిపోయింది. ఫైలులో ఆధారం చూపకుండా అభిప్రాయం వ్రాస్తే మన ఆఫీసర్లు ఎర్ర సిరాతో ఏమి వ్రాసేవారో జ్ఞాపకం చేసుకోండి.

దీర్ఘకాలం నడిచిన ప్రతిదీ పలుచబడి తీరాలన్న నియమం మాత్రం లేదు. జర్మనీలో ‘డెరిక్’ అనే పోలీసు సీరియల్ 1974 నుంచి 1998 వరకు నడిచింది. 24 ఏళ్ళలో 281 భాగాలే. అన్నిటినీ హెర్బర్ట్ రైనెకర్ అనే ఒకే రచయిత వ్రాశారు. ఏడాదికి సగటున పన్నెండు కథలంటే ఆలోచించటానికి వ్యవధి ఉంటుంది. అమెరికాలో 1990లో మొదలయిన ‘లా అండ్ ఆర్డర్’లో మొదటి సగం పోలీసు దర్యాప్తు, రెండవ సగం కోర్టు విచారణ. పోలీసు చేసిన పొరపాటు కోర్టులో బయటపడుతుందన్న భయం కథలోనే ఉంటుంది. ఆ సీరియల్ 2010లో ఆగి, 2022లో మళ్ళీ మొదలయింది. మన ‘సి.ఐ.డి.’లో కోర్టు కానరాదు. మేజిస్ట్రేటు లేడు, వకీలు లేడు, బెయిలు లేదు. తనిఖీ లేని ఖజానా లాంటి దర్యాప్తు అది.

పాతదంతా బంగారమని నేను అనను. మొదటి ఏళ్ళలో కూడా కొన్ని కథలు సాగదీత, కొన్నిటిలో హంతకుడు మొదటి పది నిమిషాలలోనే మొహం మీద వ్రాసుకుని తిరిగేవాడు. అయినా అప్పటి పొరపాట్లు పని నేర్చుకుంటున్నవాని పొరపాట్లు. తర్వాతివి పని వచ్చి కూడా చేయనివాని పొరపాట్లు.

2024 డిసెంబరు 21న సీరియల్ మళ్ళీ మొదలయింది. 2025 ఏప్రిల్‌లో ఏ.సి.పి. ప్రద్యుమన్ చనిపోయినట్లు చూపి, జనం గోల చేయగా కొద్ది వారాలలోనే తిరిగి తెచ్చారు. సర్వీసు రిజిస్టరులో మరణం నమోదు చేసి, మరుసటి నెలలో జీతం బిల్లు పెట్టినట్లుంది ఈ వ్యవహారం.

మన తెలుగు సంగతి

మన తెలుగులో దీనికి దగ్గరగా చెప్పుకోదగినది సినిమాలలో ఉంది. శైలేష్ కొలను వ్రాసి, దర్శకత్వం వహించిన ‘హిట్’ చిత్రాల వరుస 2020లో మొదలయింది. మొదటి దానిలో మన హైదరాబాదు నేపథ్యంగా ఒక అమ్మాయి అదృశ్యం కేసు ఒక్కొక్క ఆధారం మీదుగా నడిచింది. 2022లో రెండవది విశాఖపట్నంలో నడిచింది. 2025 మే 1న వచ్చిన మూడవది ‘ఎ’ సర్టిఫికెట్‌తో వచ్చింది. దానిలో దర్యాప్తు కన్న రక్తపాతం ఎక్కువని నా మనవడే చెప్పాడు. మూడు భాగాలకే ఆధారం ప్రక్కకు జరిగి ఆయుధం ముందుకు వచ్చింది. ఇరవై ఏళ్ళు పట్టిన మార్పు ఇక్కడ అయిదేళ్ళలో కనబడింది.

నిజమయిన దర్యాప్తు ఎట్లా ఉంటుంది?

నిజమయిన సి.ఐ.డి. 1902–03లో నియమించిన ఫ్రేజర్ పోలీసు కమిషన్ సిఫారసుతో రాష్ట్రాలలో ఏర్పడిన విభాగం. ఊళ్ళో జరిగిన ప్రతి హత్యకూ వారు పరుగెత్తరు. మామూలుగా స్థానిక స్టేషను ఇన్‌స్పెక్టరే దర్యాప్తు చేస్తాడు. 2018 జనవరిలో ప్రకటించిన కేంద్ర హోం శాఖ ర్యాంకులలో దేశంలో రెండవ స్థానం పొందిన పోలీసు స్టేషను మన పక్కనే ఉన్న పంజాగుట్టది. దానికి ఆ పేరు తలుపులు విరగగొట్టటం వలన రాలేదు. అటువంటి ర్యాంకులకు చూచేది కేసుల పరిష్కారం, రికార్డులు, స్టేషనుకు వచ్చినవారితో ప్రవర్తన వంటివి.

ఫోరెన్సిక్ పనికీ మన నగరం ప్రసిద్ధి. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. తార్నాక దగ్గరి సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ గారు 1988 ప్రాంతంలో దేశీయంగా డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. ఆ పరీక్షకు నమూనా సేకరణ, సీలు, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రికార్డు – ఇవన్నీ కావాలి. నివేదిక రంగునీళ్ళలో రాదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్ళు లేక అంతకు మించిన శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్ళి తీరాలి. దీని అమలుకు రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువు ఇచ్చారు.

ఇక చెంపదెబ్బ సంగతి. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షనే పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదన్నది. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం కూడా ఆ మాటే అంటున్నది. ముద్దాయి చెప్పిన చోట కత్తో, నగో దొరికితే ఆ మేరకు మాత్రమే ఆ మాట పనికివస్తుంది. అంటే సీరియల్‌లో కేసు ముగిసిన చోటనే నిజమయిన కోర్టులో కేసు కొట్టివేయబడుతుంది.

పింఛనుదారులు ఇది ఎందుకు తెలుసుకోవాలి?

నా అసలు బాధ ఇక్కడ ఉంది. మనలో చాలామంది జీవితంలో పోలీసు స్టేషను గడప తొక్కలేదు. పోలీసు పద్ధతి గురించి మనకు తెలిసిందంతా తెర మీదినుంచి వచ్చినదే. ఆ తెర మనకు నేర్పినది ఏమిటి? పోలీసు అధికారి గట్టిగా అరిస్తే మనం తలవంచాలి, వారెంటు అడగకూడదు, అతడు అన్నదే తీర్పు అని.

ఈ భయాన్నే ఇప్పటి మోసగాళ్ళు వాడుకుంటున్నారు. ‘డిజిటల్ అరెస్టు’ అనే మోసం గురించి ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో హెచ్చరించారు. మాకు తెలిసిన ఒక విశ్రాంత మిత్రునికి అటువంటి వీడియో కాల్ వచ్చింది. తెర మీద యూనిఫారం, వెనుక జెండా, బల్ల మీద ఫైళ్ళు – అచ్చం సీరియల్ సెట్టులాగా ఉందట. ‘నీ పేరున పార్సిలులో మత్తుమందు దొరికింది, గదిలోంచి కదలవద్దు, ఇంట్లో చెప్పవద్దు’ అని గద్దించారట. ఆయన చేతులు వణికాయి కాని ముప్పయి అయిదేళ్ళు తపాలు చూచిన అలవాటు పోలేదు. “ఎఫ్.ఐ.ఆర్. నంబరు, తేదీ, స్టేషను పేరు చెప్పండి, వ్రాసుకుంటాను” అన్నారు. అవతలివాడు బూతులు తిట్టాడు. కాగితం నంబరు అడిగితే తిట్టేవాడు ఆఫీసు మనిషి కాడని మన మిత్రునికి వెంటనే తెలిసిపోయింది. ఫోను పెట్టేసి కొడుకును పిలిచారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు భద్రంగా మిగిలింది. అందరికీ ఆ నిబ్బరం ఉండదు. జీవితకాలపు పొదుపు ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకున్న పెద్దల వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

అందుచేత ఈ నాలుగు మాటలు ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలని మనవి. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం అరెస్టు చేసే అధికారి పేరు కనబడాలి, అరెస్టు మెమో వ్రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో, స్థానిక పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తిని ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. కొత్త చట్టం ప్రకారం అరవై ఏళ్ళు దాటినవారిని సాక్షిగా విచారించాలంటే పోలీసులే వారి ఇంటికి రావాలి. మూడేళ్ళలోపు శిక్ష పడదగిన నేరమయితే అరవై దాటినవారిని డి.ఎస్.పి. స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. మోసం జరిగిందని అనుమానం కలిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

‘సి.ఐ.డి.’ సీరియల్ మొదటి ఏళ్ళు మనకు అడగటం నేర్పాయి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఆధారం ఏది అని. చివరి ఏళ్ళు అరుపుకు లొంగటం నేర్పాయి. ఒకే సీరియల్ రెండు పాఠాలూ చెప్పింది. మన రికార్డు గదిలో శాశ్వతంగా దాచవలసిన ఫైలుకు ఆర్.డిస్. అనీ, త్వరలో తీసివేయదగినదానికి ఎల్.డిస్. అనీ వ్రాసేవాళ్ళం. తలుపులు, చెంపదెబ్బలు, రంగునీళ్ళు ఎల్.డిస్.కు పంపి, మొదటి ఏళ్ళలోని ఆ ప్రశ్నలను ఆర్.డిస్.గా ఉంచుకుందాం. మనవలు ప్రక్కన కూర్చుని చూస్తున్నప్పుడు, “మరి వారెంటు ఏదిరా?” అని ఒక్క మాట అనండి. వారు నవ్వినా ఫరవాలేదు, ఆ మాట గుర్తుంటుంది.